మినీ ట్రాక్టర్‌కి హుక్కు బిగించి ట్రక్కు, ట్యాంకు, స్ప్రేయరు లాగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు పామాయిల్ తోటల్లో గెలలు రోడ్డు మీదికి చేర్చాలన్నా, నూజివీడు మామిడి తోటల్లో మందు కొట్టాలన్నా, అనంతపురం చీనీ తోటల్లో ఎండాకాలం ట్యాంకుతో నీళ్లు తోలాలన్నా ఇప్పుడు చిన్న ట్రాక్టరే దిక్కు. 15 నుంచి 28 హెచ్‌పీ లోపు బండ్లు ఇవి. మహీంద్రా యువరాజ్ 215, జీవో 245, కుబోటా బీ2441, వీఎస్టీ శక్తి, ఇలా రకరకాలు. కొనేటప్పుడు రోటవేటర్ ఎంత వెడల్పుది పడుతుంది, డీజిల్ ఎంత తాగుతుంది అని అందరూ అడుగుతారు. వెనక ట్రక్కు (ట్రైలర్) ఎక్కడ తగిలించాలో మాత్రం ఎవరూ అడగరు. ఆ సంగతి వెల్డింగ్ షాపులో తేల్చుకుందామనుకుంటారు. చిన్న ట్రాక్టర్ విషయంలో ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. అందుకే ఈ ప్రశ్నలకి కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాం.

ట్రాక్టర్‌తో పాటు హుక్కు రాదా? విడిగా ఎందుకు బిగించుకోవాలి?

కొన్నింటికి వస్తుంది, కొన్నింటికి విడిగా కొనుక్కోవాలి. షోరూమ్‌లో బండి తీసుకునేటప్పుడే సీటు వెనక్కి వెళ్లి, వంగి కిందికి చూడండి. మూడు రకాల ఏర్పాట్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది డ్రాబార్. గేర్ బాక్సు అడుగున బోల్టులతో బిగించి, పీటీవో షాఫ్టు (ఇంజను బలంతో తిరుగుతూ వెనక తగిలించిన యంత్రాలని నడిపే కడ్డీ) కింద నుంచి వెనక్కి వచ్చే దళసరి ఇనుప పట్టీ. చివర పిన్నుకి రంధ్రం ఉంటుంది. లాగుడు పనికి ఇంతకంటే మంచి చోటు లేదు. రెండోది నిలువు పలకకి బిగించిన దవడ లాంటి హుక్కు. దీన్ని నాలుగైదు ఎత్తుల్లో మార్చుకునే వీలుంటుంది. ఆ వీలే ఒక్కోసారి ముప్పు తెస్తుంది, ఎందుకో కింద చెబుతాం. మూడోది నాగలి, రోటవేటర్ లాంటివి ఎత్తే రెండు కింది చేతుల మధ్య అడ్డంగా వేసే రంధ్రాల పట్టీ. తక్కువ ఖర్చులో అయిపోతుందని మన దగ్గర ఎక్కువమంది దీన్నే వాడుతున్నారు.

ఈ మూడూ లేని బండి అయితే కంపెనీ వాళ్ల డ్రాబార్ కిట్టు అడగండి. అదే మోడల్‌కి చేసినదైతే బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చుంటాయి, కొత్తగా ఏదీ తొలవక్కర్లేదు.

హుక్కు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి?

వెనక ఇరుసు మధ్యభాగం కంటే కిందే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

కొలవడం తేలిక. చదునైన గచ్చు మీద బండి ఆపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, వెనక చక్రం నడిమధ్య నుంచి నేలకి టేపు పెట్టండి. మినీ ట్రాక్టర్లలో అది టైరు సైజుని బట్టి సుమారు 42 నుంచి 48 సెంటీమీటర్ల దాకా వస్తుంది. హుక్కులో పిన్ను దిగే చోటు దానికంటే కనీసం ఐదారు సెంటీమీటర్లు కిందికి ఉండేలా చూసుకోండి. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలా పనులకి సరిపోతుంది. మరీ దించితే గట్ల మీద, కాలువ దాటేచోట నేలకి రాసుకుంటుంది.

ఆ తర్వాత ట్రక్కు రింగు, అంటే నొగ (ట్రక్కుని లాగే ముందు దూలం) చివర పిన్ను పడే రింగు ఎత్తు కొలవండి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఊళ్లో దొరికే ట్రక్కులు 40, 50 హెచ్‌పీ ట్రాక్టర్ల కోసం కట్టినవి. వాటి రింగు ఎత్తుగా ఉంటుంది. చిన్న ట్రాక్టర్ హుక్కుని దానికి అందేలా పైకి జరిపేస్తారు. మార్చాల్సింది ట్రక్కుని. నొగ చివరి పలకని కిందికి దించి కట్టించుకోండి, లేదా చిన్న చక్రాల ట్రక్కు కట్టించుకోండి. ట్రక్కు తల కాస్త కిందికి వంగి ఉన్నా ఫర్వాలేదు, హుక్కు మాత్రం పైకి పోకూడదు.

టాప్ లింకు (కింది చేతులకి పైన మధ్యలో ఉండే మూడో కడ్డీ) బిగించే చోట తగిలిస్తే ఏమవుతుంది? అక్కడ పిన్నుకి రంధ్రం సిద్ధంగానే ఉంది కదా?

ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. మాటవరసకి చెప్పడం లేదు, నిజంగానే ముందు చక్రాలు లేచి, బండి నిట్టనిలువుగా నిలబడి డ్రైవరు మీద పడుతుంది. మొదలైందంటే ఒకటిన్నర సెకనులో అయిపోతుంది. ఆపగలిగే సమయం అందులో సగమే. మనిషి ఉలిక్కిపడి క్లచ్ మీద కాలు వేసేలోపు ఆ సగం గడిచిపోతుంది.

కారణం చూడండి. చక్రం తిరగకుండా ఇరుక్కున్నప్పుడు ఇంజను బలం చక్రాన్ని తిప్పలేక, బండినే ఇరుసు చుట్టూ తిప్పబోతుంది. అప్పుడు ఇరుసు పైన ఉన్న భాగమంతా వెనక్కి, కింద ఉన్న భాగమంతా ముందుకి కదులుతుంది. ట్రక్కు ఎప్పుడూ వెనక్కే లాగుతుంది. హుక్కు ఇరుసు కింద ఉంటే, ముందుకి కదలబోయే భాగాన్ని ట్రక్కు వెనక్కి పట్టుకుని ఆపుతుంది, అంటే ముందు చక్రాలు లేవకుండా కాపు కాస్తుంది. హుక్కు ఇరుసు పైన ఉంటే, వెనక్కి పడబోయేదాన్ని ట్రక్కు ఇంకా వెనక్కి లాగుతుంది. అదే ట్రక్కు, అదే బరువు. తగిలించిన చోటుని బట్టి కాపాడేదీ చంపేదీ అవుతుంది.

చక్రాలు మామూలుగా తిరుగుతున్నప్పుడు కూడా తేడా కనిపిస్తుంది. ఉదాహరణకి 800 కిలోల ట్రాక్టర్ అనుకుందాం. అందులో ముందు ఇరుసు మీద 320 కిలోలు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. వెనక 400 కిలోల లాగుడు పడుతోంది. హుక్కు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు నుంచి సుమారు 93 కిలోలు వెనక్కి మారతాయి, ముందు ఇంకా 227 కిలోలు మిగులుతాయి. అదే హుక్కు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 187 కిలోలు మారిపోతాయి, ముందు మిగిలేది 133. స్టీరింగ్ మాట వినాలంటే ముందు ఇరుసు మీద బండి మొత్తం బరువులో కనీసం ఐదో వంతు, అంటే ఇక్కడ 160 కిలోలు ఉండాలి. రెండో సందర్భంలో చదును నేల మీదే స్టీరింగ్ తేలిపోతుంది. ఎగువ ఎక్కేటప్పుడు సంగతి చెప్పక్కర్లేదు.

ఒక విషయం గమనించండి. రెండు కింది చేతులు, టాప్ లింకు కలిసిన ఈ మూడు పాయింట్ల లింకేజీకి ఐర్లండ్‌కి చెందిన హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా వెనక నాగలి రాయికో వేరుకో తట్టుకుంటే ట్రాక్టర్లు తిరగబడేవి. అతని ఏర్పాటులో నాగలి కర్రు నేలలో తట్టుకున్నప్పుడు టాప్ లింకు ట్రాక్టర్‌ని ముందుకి నెడుతుంది, ముందు చక్రాలు నేలకి అదుముకుంటాయి. అంటే ఆ చోటు నెట్టుడు కోసం పెట్టింది. ట్రక్కు గొలుసు అక్కడ కడితే తిరగబడకుండా చేసిన ఏర్పాటునే తిరగబడేలా వాడినట్టు.

మరి కింది చేతుల మధ్య వేసే రంధ్రాల పట్టీ పర్వాలేదా?

జాగ్రత్తగా వాడితే పర్వాలేదు. జాగ్రత్త ఏమిటంటే, పట్టీ పైకి కిందికి కదలకుండా తాళం పడాలి.

హైడ్రాలిక్ లివర్ పైకి లాగితే చేతులతో పాటు పట్టీ లేస్తుంది. హుక్కు ఇరుసుని దాటి పైకి వెళ్తుంది. ట్రక్కు రింగు కింద ఇరుక్కుందనో, గుంత దాటాలనో లివర్ కాస్త లాగుతారు. పైన చెప్పిన ప్రమాదం మళ్లీ అక్కడే తయారవుతుంది. అందుకని పట్టీ రెండు కొసల నుంచి టాప్ లింకు బ్రాకెట్‌కి రెండు స్టే రాడ్లు వేసి బిగించాలి. అప్పుడు లివర్ లాగినా పట్టీ లేవదు. స్టే రాడ్లు ఉన్నాయి కదా అని లివర్‌ని పైకి పెట్టి వదిలేయకండి, హైడ్రాలిక్ పంపు ఊరికే ఒత్తిడి పడి వేడెక్కుతుంది. లివర్ కిందికే ఉండాలి.

పక్కలకి ఊగకుండా చెక్ చైన్లు లేదా స్టెబిలైజర్లు రెండు వైపులా సమానంగా బిగించండి. ఒక వైపు వదులుగా ఉంటే ట్రక్కు మలుపులో చేతిని టైరు మీదికి నెడుతుంది. లోపలి వైపు టైరు అంచు మీద నల్లగా మెరిసే గీత కనిపించిందంటే చేయి రాసుకుంటోందని అర్థం.

పట్టీ కొనేటప్పుడు కొలత చూసుకోండి. లింకేజీలని సైజుని బట్టి కేటగిరీలుగా చెబుతారు. కేటగిరీ 1 లింకేజీకి కింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. రెండు కింది చేతుల మధ్య దూరం 683 మి.మీ. ఇరుకు తోటల కోసం చేసిన కొన్ని చిన్న ట్రాక్టర్లకి కేటగిరీ 1ఎన్ ఉంటుంది. పిన్నులు అవే, మధ్య దూరం మాత్రం 400 మి.మీ. పెద్ద పట్టీని చేతులు విడదీసి బలవంతంగా ఎక్కిస్తే బాల్ జాయింట్లు తొందరగా పోతాయి.

వెల్డింగ్ షాపులో హుక్కు కట్టించుకోవచ్చా?

హుక్కు పలక కట్టించుకోవచ్చు. ట్రాక్టర్ ఒంటికి మాత్రం వెల్డింగ్ వేయించకండి. గేర్ బాక్సు, వెనక ఇరుసు గొట్టాలు పోత ఇనుముతో చేసినవి. మామూలు రాడ్డుతో వెల్డింగ్ చేస్తే వేడికి పక్కనే సన్నటి పగులు పడుతుంది. ఆ రోజు కనిపించదు. నెలల తర్వాత నూనె చెమ్మ పట్టినప్పుడు తెలుస్తుంది, లేదా బరువు మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా విరుగుతుంది. వారంటీ కూడా పోతుంది.

కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలనే వాడాలి. బోల్టు తల మీద దాని బలం చెప్పే అంకె చూడండి, 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. తల మీద ఏ అంకే లేని బోల్టులు గేటుకీ షెడ్డుకీ సరిపోతాయి, ఇక్కడ పనికిరావు. 8.8 రకం ఎం16 (16 మి.మీ.) బోల్టుని సుమారు 200 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచి లేకపోతే దగ్గర్లో ఉన్న సర్వీసు సెంటర్‌లో ఒక్కసారి బిగించి పెట్టమనండి, పది నిమిషాల పని. మొదటిరోజు పని అయ్యాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి. రంగు పూసిన పలకల మధ్య రంగు అణిగిపోయి బోల్టు వదులవడం మామూలే.

పిన్ను ఏది వాడాలి? కడ్డీ ముక్క వేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ ఒక్క విషయంలో ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

పాత పిన్నుని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. రింగు ఆనే చోట నడుము సన్నబడి ఉంటుంది. వేలి గోరు అంచు మీద పెడితే మెట్టు తగులుతుంది. 22 మి.మీ. పిన్ను అక్కడ 20కి వచ్చిందనుకోండి. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ కోత బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆరో వంతు పైనే పోయినట్టు. దానికి తోడు రింగు, పిన్ను మధ్య ఖాళీ పెరిగి, బండి కదిలిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ సుత్తి దెబ్బలా తగులుతుంది. ఆ చప్పుడు డ్రైవరుకి వినిపిస్తూనే ఉంటుంది. చప్పుడు పెరిగిందంటే పిన్ను మార్చే సమయం వచ్చిందన్నమాట.

స్లాబు కడ్డీ ముక్క, గడ్డపార ముక్క, బెండు తీసిన రాడ్డు, ఏవీ వద్దు. స్లాబు కడ్డీకి గాట్లు ఉంటాయి, పైగా వంగే గుణం ఎక్కువ. వంగిన పిన్ను బయటికి రాదు, సమ్మెటతో కొట్టాల్సి వస్తుంది. లేత్ షాపులో చేయించుకునేట్టయితే ఈఎన్8 ఉక్కు అడగండి. రంధ్రానికి, పిన్నుకి తేడా ఒక మిల్లీమీటరుకి మించకుండా చేయమనండి. పైన తల, కింద తాళం పిన్ను పడే రంధ్రం ఉండాలి. ఆ రంధ్రంలో వేసేది స్ప్రింగు రింగు ఉన్న లించ్ పిన్ను. తీగ చుట్టడం, మేకు వంచడం కుదరదు. గతుకుల్లో పిన్ను పైకి ఎగరకుండా ఆపేది అదొక్కటే.

మా 24 హెచ్‌పీ ట్రాక్టర్ ఎంత బరువు లాగుతుంది?

ఎంత లాగుతుంది అని కాకుండా ఎంత ఆపగలదు అని అడగాలి. మెల్లగా, మొదటి గేరులో చిన్న ట్రాక్టర్ కూడా ఆశ్చర్యపోయేంత బరువు కదిలిస్తుంది. గట్టి మట్టి రోడ్డు మీద బండి కదలడానికి బరువులో ఐదు శాతం దాకా లాగుడు చాలు. అంటే రెండు టన్నులకి వంద కిలోల లాగుడు. దున్నిన మెత్తటి నేలలో అది పదిహేను శాతానికి పోవచ్చు. పది మీటర్లకి ఒక మీటరు లేచే ఎగువలో అదనంగా ఇంకో రెండు వందల కిలోలు. దిగేటప్పుడు అదే రెండు వందల కిలోలు వెనక నుంచి నెడతాయి. ఊళ్లో కట్టే ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులు ఉండవు. అంటే 800 కిలోల బండి తన బ్రేకులతో మొత్తం 2,800 కిలోలని ఆపాలి.

మేము చెప్పే లెక్క ఇది: బ్రేకుల్లేని ట్రక్కు ఖాళీ బరువు, సరుకు బరువు కలిపి ట్రాక్టర్ బరువుని మించకూడదు. చదునైన తోటలో, నడక వేగంలో, ఎండిన నేల మీద అయితే ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లొచ్చు. మీ మాన్యువల్‌లో అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే చివరి మాట. ఎక్కువ తోలాలనుకుంటే ట్రక్కుకి బ్రేకులు పెట్టించుకోవాలి.

ఇక సరుకు లెక్క. 20 కిలోల పామాయిల్ గెలలు యాభై అయితే టన్ను. 75 కిలోల ధాన్యం బస్తాలు పదమూడు అయితే టన్నుకి కాస్త తక్కువ. వెయ్యి లీటర్ల నీళ్లు సరిగ్గా టన్ను, ట్యాంకు బరువు వేరే. ఘనమీటరు పొడి ఇసుక టన్నున్నర పైమాటే, తడిస్తే ఇంకా ఎక్కువ. ఇసుక చూడ్డానికి కొంచెంగానే కనిపిస్తుంది, అందుకే ఎక్కువమంది ఇసుక దగ్గరే లెక్క తప్పుతారు.

చాలామంది అడిగే ఇంకో మాట: జీవో 245కి, కుబోటా బీ2441కి 750 కిలోలు లేపే సామర్థ్యం అని రాసి ఉంటుంది కదా, అంతేనా లాగేది? కాదు. అది హైడ్రాలిక్ చేతులు పైకి ఎత్తగలిగే బరువు. లాగుడుకి దానితో సంబంధం లేదు. లాగుడు బలం చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ యంత్రాల పరీక్షా కేంద్రం ఇచ్చే నివేదిక చూడాలి. ట్రాక్టర్ డ్రాబార్ లాగుడు అందులో కొలిచి రాస్తారు. డీలర్ని అడిగితే ఆ కాపీ ఇవ్వగలగాలి.

రెండు చక్రాల ట్రక్కా, నాలుగు చక్రాలదా?

తోట పనికి రెండు చక్రాలది మేలు. మలుపులో తేలిగ్గా తిరుగుతుంది, వెనక్కి పెట్టడం నేర్చుకోవచ్చు. దాని సరుకులో కొంత బరువు హుక్కు మీద పడుతుంది కాబట్టి వెనక టైర్లకి పట్టు కూడా దొరుకుతుంది. అయితే సరుకు సర్దడం తెలియాలి. బరువంతా వెనక వేస్తే నొగ పైకి లేచి హుక్కుని ఎత్తుతుంది, ట్రాక్టర్ వెనక టైర్లు తేలికై జారతాయి. బరువంతా ముందు వేస్తే హుక్కు కుంగి ట్రాక్టర్ ముందు చక్రాలు తేలతాయి. ట్రక్కు ఇరుసు మీద ఎక్కువ భాగం, దానికి కాస్త ముందు మిగతాది వేయండి. దించేటప్పుడు మాత్రం వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందువి దించేసి వెనకవి ఉంచితే నిలబడ్డ చోటే ట్రక్కు వెనక్కి ఒరుగుతుంది.

ముందు బరువులు వేయాలా?

ముందు బంపర్ బరువులు కంపెనీ ఇస్తే వేసుకోండి. ట్రక్కు తగిలించి, సరుకు నింపి, చదునులో మెల్లగా తిరగండి. స్టీరింగ్ తిప్పినా బండి కాసేపు నేరుగా పోతోందంటే ముందు తేలికైందని అర్థం. అప్పుడు మొదట చేయాల్సింది సరుకు తగ్గించడం, ఆ తర్వాతే బరువులు చేర్చడం. బరువులు వేసి ఇంకా ఎక్కువ సరుకు ఎక్కిస్తే ఇరుసు బేరింగులు, క్లచ్ ప్లేట్లు పోతాయి.

ఒక్కడినే ఉన్నప్పుడు ట్రక్కు ఎలా తగిలించాలి?

వేళ్లు నలిగేది ఈ పనిలోనే కాబట్టి వరుస చెబుతున్నాం. ముందుగా ట్రక్కు రెండు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. నొగ కింద స్టాండు గానీ జాకీ గానీ ఉండాలి. రాళ్లు పేర్చి దాని మీద నిలబెట్టిన నొగ ఎప్పుడైనా జారుతుంది. నొగ ఎత్తు హుక్కు ఎత్తుకి సరిపోయేదాకా జాకీ తిప్పండి. అప్పుడు ట్రాక్టర్ ఎక్కి, అన్నిటికంటే చిన్న రివర్స్ గేరులో, క్లచ్ మీద కాలు ఉంచి జానెడు దూరం దాకా వెనక్కి రండి. ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి చూడండి. మళ్లీ ఎక్కి మిగిలినది జరపండి. రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడకండి, టార్చి వేసి చూడండి. కలిశాక ఇంజను ఆపి పిన్ను వేయండి.

ఇంకొకరు ఉంటే పని తొందరగా అవుతుందని ఆ మనిషిని ట్రాక్టర్‌కి, ట్రక్కుకి మధ్య నిలబెట్టి వెనక్కి రావడం మన ఊళ్లలో రోజూ కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. కాలు జారి క్లచ్ వదిలితే ఆ మనిషి తప్పించుకునే దారి లేదు. బండి పూర్తిగా ఆగాకే ఎవరైనా మధ్యలోకి రావాలి.

పిన్ను పడ్డాక స్టాండు ఎత్తి, సేఫ్టీ చైను కట్టి, లించ్ పిన్ను వేసి, చివరగా దిమ్మెలు తీయండి. సేఫ్టీ చైను కూడా ఇరుసు కిందే ఉన్న డ్రాబార్ బ్రాకెట్‌కే కట్టాలి. మలుపు తిరగడానికి సరిపడా వదులు చాలు, నేలకి రాసుకునేంత వద్దు.

పీటీవోతో నడిచే స్ప్రేయరుకి ఇదే హుక్కు సరిపోతుందా?

సరిపోతుంది, కానీ కొలత మారుతుంది. 540 ఆర్‌పీఎం పీటీవోకి షాఫ్టు చివర నుంచి హుక్కు పిన్ను మధ్యకి సుమారు 35 సెంటీమీటర్ల దూరం ఉండాలి. దగ్గరైతే మలుపులో పీటీవో షాఫ్టు జాయింట్లు మరీ వంగి విరుగుతాయి. డ్రాబార్‌ని ముందుకి, వెనక్కి జరుపుకునే రంధ్రాలు ఉంటే అవి ఇందుకే. కింది చేతుల పట్టీకి తగిలిస్తే ఈ దూరం తరచుగా కుదరదు, కాబట్టి స్ప్రేయరు కోసం డ్రాబారే వాడండి.

ఒకదానిలో ఒకటి జారే షాఫ్టు రెండు గొట్టాలు నేరుగా నిలబడ్డప్పుడు కనీసం మూడో వంతు కలిసి ఉండాలి, బాగా మలుపు తిరిగినప్పుడు అడుగు తట్టకూడదు. రెండూ మీరే చూసుకోండి: ఇంజను ఆపి, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పిన చోట ఆగి కొలవండి. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా మాత్రం నడపకండి. నిమిషానికి 540 సార్లు తిరిగే ఇనుము లుంగీ కొసనో తలగుడ్డనో పట్టుకుందంటే మనిషికి తేరుకునే సమయం ఉండదు.

ట్రక్కుతో సహా బురదలో దిగబడితే?

ముందు ట్రక్కు విప్పేయండి. మిగతావన్నీ తర్వాత. తిరగబడే ప్రమాదాల్లో చాలావి ఇలా దిగబడినప్పుడు మొండిగా రేసు చేయడంలోనే జరుగుతాయి. చక్రాల ముందు కట్టెలు, రాళ్లు పెట్టి ముందుకి రావాలనుకోవడం మరీ ప్రమాదం. కట్టె చక్రాన్ని ఆపేస్తే ఇంజను బలం బండినే పైకి లేపుతుంది. వెనక్కి రాగలిగితే వెనక్కే రండి. ఇంకో ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు లాగే బండి డ్రాబార్‌కే గొలుసు కట్టాలి. ఇరుసు గొట్టానికి చుట్టకూడదు. చుట్టుపక్కల ఎవరినీ నిలబడనివ్వకండి, తెగిన గొలుసు కొస ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

దిగువలో ఎలా నడపాలి?

ఎక్కేటప్పుడు ఏ గేరు వాడేవారో దిగేటప్పుడూ అదే. దిగువ మొదలవక ముందే ఆ గేరు వేయండి, మధ్యలో మార్చకండి. క్లచ్ తొక్కకండి. క్లచ్ తొక్కితే ఇంజను పట్టు పోయి ట్రక్కు తోసుకొస్తుంది. ట్రాక్టర్‌కి కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి. సాలు చివర తిరగడానికి ఒక్కటే తొక్కుతారు. ట్రక్కు తగిలించారంటే ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేసి తీరాలి. దిగువలో ఒక్క వైపే బ్రేకు పడితే బండి అడ్డం తిరుగుతుంది, వెనక నుంచి ట్రక్కు దాన్ని మడిచి పడేస్తుంది.

రోడ్డెక్కితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ సంగతి?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టర్ వేరు, ట్రక్కు వేరు. ట్రక్కు ట్రైలర్ కిందికి వస్తుంది, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఖాళీ బరువు 7,500 కిలోల లోపు ట్రాక్టర్‌ని ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపొచ్చు, మినీ ట్రాక్టర్లన్నీ ఇందులోకే వస్తాయి. ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్న మనిషి దానికి ట్రైలర్ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 2001లో ఒక తీర్పులో చెప్పింది. ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించండి. చీకటి పడ్డాక రోడ్డు పక్కన ఆగిన ట్రక్కు వెనకొచ్చే మోటార్ సైకిల్‌కి కనిపించదు.

కూలీలని ట్రక్కులో తీసుకెళ్లొచ్చా?

వద్దు. సరుకు ట్రక్కులో మనుషులని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు, బీమా కూడా వాళ్లకి అక్కరకి రాదు. తెలంగాణలో 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర పొలం పనికి పోతున్న కూలీల ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. రెండూ కలిపి ఇరవై మందికి పైగా పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆటోకి అయ్యే డబ్బులు మిగుల్చుకోవడానికి ఎవరూ ఆ పని చేయకూడదు. డ్రాబార్ మీద నిలబడటం, మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం కూడా అంతే. చిన్న ట్రాక్టర్ మడ్‌గార్డు చక్రానికి మరీ దగ్గరగా ఉంటుంది.

కారుకి పెట్టే బంతి హుక్కు బిగించొచ్చా?

పొలం ట్రక్కుకి వద్దు. అది నున్నటి రోడ్డు కోసం చేసింది. గట్లు దాటేటప్పుడు ట్రక్కు పక్కకి ఒరిగే కోణం దానికి అందదు, మట్టి చేరితే పట్టు సరిగ్గా పడదు.

పవర్ టిల్లర్‌కి కూడా ఇవే సూత్రాలా?

పిన్ను, తాళం, సరుకు సర్దుడు విషయంలో అవే. ఒక్క తేడా గుర్తుంచుకోండి. టిల్లర్‌ని పక్క క్లచ్‌లతో తిప్పుతారు. దిగువలో ట్రక్కు వెనక నుంచి నెడుతున్నప్పుడు కుడి క్లచ్ నొక్కితే బండి ఎడమకి పోతుంది, మామూలుగా తిరిగే వైపుకి ఎదురు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. దిగువలో క్లచ్‌లు ముట్టుకోకుండా హ్యాండిల్‌తోనే తిప్పాలి, ట్రక్కు బ్రేకు పెడల్ మీద కాలు ఉంచాలి.

ఎన్నాళ్లకొకసారి చూసుకోవాలి?

తగిలించిన ప్రతిసారీ పిన్ను, లించ్ పిన్ను, చైను. వారానికోసారి బోల్టులకి పానా. సీజను మొదట్లో ఒకసారి హుక్కు పలకని డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, వెల్డింగ్ అంచుల వెంట చూడండి. తుడిచాక సన్నటి గీతలో నుంచి మళ్లీ నల్లటి చెమ్మ ఊరిందంటే అది పగులు. దాని మీద ఇంకో వెల్డింగ్ వేయించకుండా పలకనే మార్చేయండి. పిన్ను రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగిపోయినా అంతే. రింగు, పిన్ను ఆనే చోట గ్రీజు రాయండి, ఇసుక తోలే రోజుల్లో మాత్రం సాయంత్రం తుడిచి కొత్తది రాయాలి. ఇసుక కలిసిన గ్రీజు ఇనుముని ఆకురాయిలా అరగదీస్తుంది.